బొద్దింక మందు

బొద్దింకని చూసి అంత కేక పెట్టాలేటమ్మా? వీధి చివర కుక్కలు కూడా లేచి మొరుగుతున్నాయి. మాయయ్య ఆ బొద్దింకనే మందుగా తిన్నాడు. ఒక వానాకాలం పొడుగునా తిన్నాడు. నవ్వండి, మీరు నవ్వుతారని తెలుసు. కూకోండి, చెప్తాను. ఒరే బాబూ, ఆ గోగుపుల్లలు నాలుగు ఇటు పడెయ్యి, నెగడు ఆరిపోయేలా ఉంది.

నేను పుట్టింది ఈ ఊళ్ళో కాదు. బెంగాలులో, హుగ్లీ ఏటి ఒడ్డున, జూటు మిల్లు కూలీల లైన్లలో పుట్టాను. మా తాత ఏదో కరువేడు ఇక్కడి కయ్య వదిలేసి అటు పోయాడట. అప్పటికి శ్రీకాకుళం జిల్లా అని వేరే లేదు, అంతా విశాఖపట్నం జిల్లాయే. 1950లో కదా విడదీశారు. సర్దార్లని ఉండేవాళ్ళు. ఊళ్ళమ్మట తిరిగి, కలకత్తా వస్తే వారం వారం చేతిలో డబ్బు పడుతుందని చెప్పి మనుషుల్ని మెయిలు ఎక్కించేవారు. హుగ్లీకి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ మిల్లులే. మొట్టమొదటిది 1855లో రిష్రాలో పెట్టారు. మా లైన్లు అక్కడికి కొంచెం ఎగువన. ఒక వరస బిహారీలది, ఒక వరస ఒడియావాళ్ళది, ఒక వరస మనది. మనల్ని అందరూ మద్రాసీలనే పిలిచేవారు. ఆంధ్రా వచ్చినా మేం మద్రాసీలమే.

మాయయ్యది బ్యాచింగులో పని. మిల్లుకొచ్చిన నార కట్టలు విప్పి, చెత్త దులిపి, నూనె, నీళ్ళు పట్టించి మెత్తబరిచేది అక్కడే. మిల్లంతటికీ దుమ్ము ఎక్కడుందంటే అక్కడా, దాని పక్కన కార్డింగులోనూ. దేశం రెండుముక్కలైనప్పుడు మిల్లులేమో ఇటు మిగిలాయి, జూటు పండే మంచి పొలాలేమో తూర్పు పాకిస్తానులో పడ్డాయి. నార చాలక మన గోగునార కూడా కలపడం మొదలెట్టారు. ఒక్కో కట్ట విప్పితే మన ఊరి చెరువులో గోగు ఊరేసిన వాసన వచ్చేదని మాయయ్య అమ్మతో చెప్పేవాడు. ఆ మాట చెప్పి దగ్గేవాడు.

మొదట దగ్గే. తరవాత పిల్లికూతలు. ఆ పైన రాత్రి ఒంటిగంటా రెండింటప్పుడు లేచి కూచునేవాడు. పడుకుంటే ఊపిరాడదు. గోనెసంచుల మూట ఒకటి ఒళ్ళో పెట్టుకుని దానిమీదకి ఒరిగి తెల్లవార్లూ అలాగే. మేమంతా ఒక్క గదిలో పడుకునేవాళ్ళం, ఆ చీకట్లో వాళ్ళ నాన్న రొమ్ము కొలిమితిత్తిలా ఆడుతుంటే ఏ గుంటడికి నిద్దరొస్తుంది?

మందులేమున్నాయి అప్పుడు? మా వరసలో ముసలాళ్ళు ఎండిన ఉమ్మెత్తాకు నిప్పులమీద వేసి పొగ పీల్చమనేవారు. పీలిస్తే కాస్త తెరిపి ఇచ్చేది, కళ్ళు మసకలు కమ్మేవి, నోరెండిపోయేది. అది ఉత్త మూఢనమ్మకమేం కాదు. ఉమ్మెత్తలో ఉన్న సరుకు ఊపిరిగొట్టాల్ని వదులు చేస్తుంది. మోతాదు తప్పితే మనిషికి మతి పోతుంది, ప్రాణమూ పోతుంది. అమ్మ అడ్డసరం ఆకు కషాయం కాచేది. దాంట్లోనూ గుణముంది. ఆ ఆకులో దొరికిన పదార్థాన్ని పట్టుకునే తరవాత కఫం కరిగించే ఇంగ్లీషు మాత్ర ఒకటి తయారు చేశారు. హోమియోవాళ్ళు కూడా ఆ ఆకుని వాళ్ళ సీసాలోకి ఎక్కించుకున్నారు, జస్టీషియా అని పేరు పెట్టి. ఇంగ్లీషు డాక్టర్ల దగ్గర ఎఫిడ్రిన్ బిళ్ళలుండేవి, అడ్రినలిన్ సూది ఉండేది. సూది వేస్తే అయ్యకి గుండె దడదడలాడేది, ఊపిరొచ్చేది, మళ్ళీ రేపటి రాత్రికి మామూలే. రోజూ సూదికి డబ్బెక్కడిది?

అప్పుడు పక్క గదిలో ఉండే ఒడియా ఆయన చెప్పాడు, గ్రాండ్ ట్రంకు రోడ్డు మీద ఒక హోమియో డాక్టరుబాబు ఉన్నాడు, నాలుగణాలకి చూస్తాడు, లేదంటే అదీ అడగడు అని.

ఆయన పేరు మీకెందుకు, అందరికీ ఆయన డాక్టరుబాబే. తెల్ల ధోవతి, ముక్కుమీద జారే కళ్ళద్దాలు. గది చిన్నది. గోడ పొడుగునా చెక్క అరలు, అరలనిండా బెరడు బిరడాల చిన్న చిన్న సీసాలు. స్పిరిట్ వాసన. నీళ్ళ మందిస్తే సీసాకి ఒక కాగితం పట్టీ అంటించేవారు, దానికి అంచున నొక్కులు కత్తిరించి ఉండేవి. ఒక నొక్కు దాకా తాగితే ఒక మోతాదు. పొడిమందయితే కాగితంలో పొట్లం, పురియా అనేవారు. అయ్యని కూచోబెట్టి ఆయన అడిగిన ప్రశ్నలు వింటే నాకు వింతగా ఉండేది. ఆయాసం రాత్రి ఎన్నిగంటలకి వస్తుంది? వానకి ఎక్కువా, చలికి ఎక్కువా? దాహమేస్తే గుక్కెడు తాగుతావా, చెంబెడా? కోపమొస్తే చెప్తావా, మింగుతావా? మాయయ్య బతుకులో ఆయన కోపం గురించి అడిగినవాడు ఇంకొకడు లేడు. చెప్పడానికి మాటలు దొరక్క నావంక చూశాడు. నాకు బెంగాలీ బాగా వచ్చును కనక నేనే చెప్పాను, "మింగుతాడు బాబూ, తరవాత అమ్మ మీద చెప్తాడు" అని. డాక్టరుబాబు ఎంత గట్టిగా నవ్వాడో!

అలా నేను ఆయనకి నచ్చాను. బడి అయ్యాక వచ్చి పొట్లాల కాగితాలు కత్తిరించమన్నాడు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు, 1953. కాగితం మడవడం, సీసాలు కడగడం, పాలచక్కెర జల్లించడం. నన్ను ఖోకా అని పిలిచేవాడు. జనం లేని వేళ ఆయన కబుర్లు చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. మీకు ఇప్పుడు చెప్పేవి చాలామట్టుకు అక్కడ విన్నవే, కొన్ని తరవాత పుస్తకాల్లో సరిచూసుకున్నాను.

ఈ హోమియో వైద్యం జర్మనీలో హానిమన్ అనే ఆయన 1796లో మొదలెట్టాడు. మన దేశంలోకి లాహోరు దారిని వచ్చింది. హోనిగ్‌బర్గర్ అని ఒక దొర, 1839లో రంజిత్ సింగు మహారాజుకి వైద్యం చేశాడు. కానీ వేళ్ళూనింది మాత్రం కలకత్తాలో. దానికి మూలం మహేంద్రలాల్ సర్కార్. ఆయన కథ చెప్పేటప్పుడు మా డాక్టరుబాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు.

మహేంద్రలాల్ 1863లో కలకత్తా యూనివర్సిటీ ఎం.డి. అప్పటికి ఆ పట్టా ఉన్న రెండో మనిషి ఆయన. హోమియో అంటే ఈసడించుకునేవాడు. దాని మీద వచ్చిన ఒక పుస్తకాన్ని చీల్చి చెండాడదామని కూచుని, రాసేముందు రోగుల్ని చూడాలి కదా అని, రాజేంద్ర దత్తు అనే హోమియో ఆయన వెంట తిరిగాడు. ఆ దత్తుగారు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడి తలనొప్పికి మందిచ్చినాయన. తిరిగి తిరిగి, చివరికి 1867 ఫిబ్రవరిలో డాక్టర్ల సభలో లేచి, దీంట్లో సత్యముంది అని చెప్పాడు. ఇంకేముంది! సభలోంచి పొమ్మన్నంత పని చేశారు. వచ్చే రోగులు రావడం మానేశారు, నెలల తరబడి గది ఖాళీ. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. రామకృష్ణ పరమహంసకి గొంతులో పుండు లేచినప్పుడు, 1885లో, వైద్యం చేసింది ఈయనే. 1876లో ఒక విజ్ఞాన సంఘం పెట్టాడు, బౌబజారులో. ఆ సంఘంలోనే కదా సి.వి. రామన్ ఆఫీసు పని అయ్యాక వెళ్ళి పరిశోధన చేసుకుని, 1928లో పేరు తెచ్చుకున్నది! రామన్ చదువు మొదలెట్టింది మన విశాఖపట్నంలోనే, ఆయన తండ్రి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. చూశారా, ఏ తీగ లాగితే ఏ డొంక కదులుతుందో.

విద్యాసాగరుడు కూడా మందుల పెట్టె పట్టుకున్నాడు. ముసలితనంలో కర్మాటాడ్ అనే చోట సంతాలుల మధ్య ఇల్లు కట్టుకుని, వాళ్ళకి తనే మందులిచ్చేవాడు. 1889లో మహేశ్ భట్టాచార్య కంపెనీ చవకగా మందులు అమ్మడం మొదలెట్టాక బెంగాలులో ఇంటింటికీ పెట్టె వచ్చింది. బీదవాడి వైద్యం అయిపోయింది. మా అయ్య ఆ గుమ్మం తొక్కడానికి కారణం మహేంద్రలాల్ సత్యమూ కాదు, విద్యాసాగరుడి దయా కాదు. నాలుగణాలు.

డాక్టరుబాబు అయ్యకి మొదట ఆర్సెనిక్ ఇచ్చాడు. నడిరాత్రి దాటాక వచ్చే ఆయాసానికి, మనిషి నిలకడ లేకుండా తిరగడానికి, గుక్కెడు గుక్కెడు నీళ్ళకి అదే మందట. కొన్ని వారాలు చూశాడు. తేడా కనపడలేదు. ఒకరోజు పుస్తకం తిరగేసి, అరలో మూల నించి ఒక సీసా తీశాడు. సీసా మీద ఇంగ్లీషులో బ్లాట్టా ఓరియంటాలిస్ అని ఉంది. "ఏటి బాబూ ఇది?" అన్నాను. "ఆర్షోలా" అన్నాడు. బెంగాలీలో బొద్దింకని అలాగే అంటారు.

నాకు ముందు వాంతి వచ్చినట్టయింది. తరవాత బుర్ర పనిచేసింది. మా లైన్లలో బొద్దింకలకేం తక్కువ? మురికి తూము మూత తీస్తే గంపలు గంపలు. మర్నాడు ఖాళీ వనస్పతి డబ్బానిండా పట్టి, పైన గుడ్డ కట్టి, డాక్టరుబాబు బల్లమీద పెట్టాను. ఒక్కోటీ పైసాకి ఇస్తానన్నాను. ఆయన గుడ్డ విప్పాడు. ఆ తరవాత గదిలో ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. చూపించుకోవడానికి వచ్చిన ఒక లావుపాటి మార్వాడీ ఆవిడ బెంచీ ఎక్కి నిలబడింది. అందర్నీ శాంతపరిచి, బొద్దింకల్ని బయటికి తోలి, అప్పుడు నాకు ఆ మందు పుట్టుక కథ చెప్పాడు.

అది కలకత్తాలోనే పుట్టిన మందు. డి.ఎన్. రే అనే హోమియో డాక్టరు 1890 ప్రాంతంలో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆయన విన్న సంగతి ఏటంటే, ఉబ్బసంతో బాధపడే ఒకాయన రోజూ టీ తాగేవాడు. ఒక సాయంత్రం టీ తాగాక ఎన్నడూ లేనంత తెరిపిగా ఊపిరాడింది. వేడి టీ మహిమే అనుకున్నాడు. కాసేపయ్యాక టీ కెటిలు మూత తీసి చూస్తే అడుగున బొద్దింక ఉడికిపోయి ఉంది! ఛీ అనుకుని ఊరుకోలేదు, ఈ సంగతి డాక్టర్ల చెవిన పడింది. రే గారు బొద్దింకల్ని పట్టి, పాలచక్కెరతో నూరి, ఉబ్బసం రోగులకి ఇచ్చి చూశాడు. గుణం కనపడిందని పత్రికలకి రాశాడు. అక్కడి నించి అమెరికావాళ్ళ పుస్తకాల్లోకి ఎక్కింది. రష్యా పల్లెల్లో అయితే ఒంటికి నీరుపడితే బొద్దింక పొడి ఇచ్చేవారట, అది ఇంకా పాతది.

ఎలా చేస్తారో కూడా చూపించాడు. ఒక పాలు బొద్దింక, తొమ్మిది పాళ్ళు పాలచక్కెర, పింగాణీ కల్వంలో గంటల తరబడి నూరాలి. దాంట్లో ఒక పాలు తీసి మళ్ళీ తొమ్మిది పాళ్ళ చక్కెర. మూడుసార్లు అలా చేస్తే మూడు ఎక్స్, అంటే వెయ్యిలో ఒక వంతు. ఇంకో లెక్క నూటికి ఒకటి. ఆ లెక్కన 30 సార్లు చేస్తే ఒకటి పక్కన 60 సున్నాలు. బడిలో నేను లెక్కల్లో గట్టివాణ్ణి. పలకమీద సున్నాలు పెట్టుకుంటూ పోయి, "బాబూ, చివరికి బొద్దింక ఉంటుందా?" అని అడిగాను. ఆయన నా పలక వంక చూసి, "నీళ్ళకి గుర్తుంటుంది ఖోకా" అన్నాడు. నాకు నచ్చలేదు ఆ జవాబు. ఇప్పటికీ నచ్చలేదు.

అయ్యకి మాత్రం తక్కువ నంబరే ఇచ్చాడు, మూడు ఎక్స్. ఆయాసం ఎగదన్నేటప్పుడు తక్కువ నంబరు, అది సద్దుమణిగాక మిగిలిన దగ్గుకి ఎక్కువ నంబరు, గుణం కనపడగానే మందు ఆపెయ్యాలి — వాళ్ళ పుస్తకంలో రూలు అది. ఇంకో రూలు కూడా ఉంది, ఈ మందు లావుపాటి వాళ్ళకి బాగా పడుతుందని. మాయయ్యేమో ఎముకలగూడు. "పుస్తకానికి మీ నాన్న సంగతి తెలీదు" అన్నాడు డాక్టరుబాబు. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ, కర్పూరం, కాఫీ అన్నీ బంద్. మందు దేనితో చేశారో ఇంట్లో చెప్పొద్దన్నాడు. నేను చెప్పకుండా ఉంటానా? "ఓలమ్మో, పురుగుని తినిపిస్తన్నారా నా మొగుడికి!" అని అమ్మ పొట్లాలన్నీ పొయ్యిలో పారేసింది. అయ్య చూశాడు. లేచి, నెమ్మదిగా, "మళ్ళీ తే" అన్నాడు నాతో. ఊపిరాడని వాడికి బొద్దింకేటి, పామేటి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అదే వారంలో డాక్టరుబాబు ఇంకో పని చేశాడు. అయ్య కళ్ళలోకి చూసి, "నువ్వు ఆ దుమ్ములోంచి బయటపడు. మందు నేనిస్తాను, దుమ్ము నువ్వు మానాలి" అన్నాడు. పని మారాలంటే సర్దారుకి దస్తూరీ ముట్టజెప్పాలి, అది ఆ రోజుల మామూలు. అమ్మ ముక్కుపుడక తాకట్టు పెట్టింది. అయ్యని బ్యాచింగు నించి సంచులు కుట్టే చోటికి మార్చారు. కూలి కొంచెం తక్కువ. కిటికీలున్నాయి. నార దుమ్ము అక్కడ లేదని కాదు, చాలా తక్కువ.

వాన మొదలైంది. ఏటా వానలకి కదా అయ్యకి ఎక్కువయ్యేది, ఆ యేడు తగ్గింది. దసరా నాటికి రాత్రిళ్ళు పడుకున్నాడు. వెల్లకిలా పడుకున్నాడు! అమ్మ వెళ్ళి డాక్టరుబాబు కాళ్ళమీద పడింది. లైన్లంతా బొద్దింక మందు పేరే. బిహారీ వరస నించి, ఒడియా వరస నించి జనం కట్టారు ఆయన గది ముందు. సంచులు కుట్టే గది పేరు ఎవ్వరూ ఎత్తలేదు. మాయయ్య కూడా. చచ్చేదాకా ఆయన బొద్దింక వల్లే బతికానన్నాడు.

నేను చాలా ఏళ్ళు అదే నమ్మాను. ఎప్పుడు అనుమానం మొదలైందంటే, పోస్టాఫీసులో. మేం 1960ల్లో ఇక్కడికి తిరిగి వచ్చేశాం. నేను బ్రాంచి పోస్టుమాస్టరునయ్యాను, అది మీకు తెలుసు. కలకత్తా నించి వీపీ పార్శిళ్ళు వచ్చేవి. చిన్న చెక్కపెట్టెలు, లోపల వరసగా సీసాలు, కూడా ఒక పుస్తకం. బడిపంతుళ్ళు, కరణాలు, గుళ్ళో పూజారులు తెప్పించుకునేవారు. డబ్బు కట్టి విప్పుకుని, ఆ రోజు నించే ఊరికి డాక్టరు. తప్పేటి, ఊళ్ళో ఇంకెవరూ లేరు కదా. మన దగ్గరా అప్పటికే గుడివాడలో 1945లో పెట్టిన హోమియో కాలేజీ ఉంది. సరోజినీ నాయుడు కొడుకు జయసూర్యగారు హైదరాబాదులో ఆ వైద్యమే చేసేవారు. సినిమాల్లో నవ్వించే అల్లు రామలింగయ్యగారు కూడా హోమియో మందులిచ్చేవారు. విశాఖలో ఎక్కిరాల కృష్ణమాచార్యగారు ఉచితంగా మందులిచ్చే చోట్లు నడిపించారు. మంచివాళ్ళే అందరూ. ఆ సంగతిలో నాకు రెండో మాట లేదు.

పొరుగూళ్ళో ఒక పంతులుగారి దగ్గర అలాంటి పెట్టె ఉండేది. వాళ్ళ వీధిలో కొత్తగా కాపరానికి వచ్చిన పిల్లకి ఉబ్బసం. ఒక కార్తీక మాసం రాత్రి ఎక్కువైంది. పావుగంటకోసారి గుళికలు వేశాడు ఆయన. ఒక సీసా కాకపోతే ఇంకొకటి. గోళ్ళు నీలంగా తిరిగాక, తెల్లారగట్ల బండి కట్టారు విజయనగరానికి. దారిలోనే పోయింది. పంతులుగారు చెడ్డవాడు కాడు, ఆ రాత్రంతా ఆ పిల్ల పక్కనే నేలమీద కూచున్నాడు. ఆ పెట్టె నా చేతిమీదుగా డెలివరీ అయినదే. రిజిస్టరులో ఆయన సంతకం చాలాసార్లు తీసి చూసుకున్నాను నేను.

అప్పటికి వేరే మందు పుట్టి కూడా చాలా కాలమైంది. అదీ ఒక చిత్రమైన కథే. అమెరికాలో ఒక మందుల కంపెనీ పెద్దాయన కూతురు, పదమూడేళ్ళ పిల్ల, ఉబ్బసం మనిషి. గాజు బుడ్డీ నొక్కి నొక్కి మందు పీల్చి విసుగెత్తి, సెంటు చిమ్మినట్టు దీన్ని డబ్బాలో పెట్టి చిమ్మలేరా నాన్నా అని అడిగింది. ఆయన వెళ్ళి తన మనుషులకి చెప్పాడు. 1956లో మొదటి పంపు బజారులోకి వచ్చింది. 1969లో సాల్‌బ్యూటమాల్ వచ్చింది, అదే ఇప్పుడు మీరంతా చూస్తున్న పంపులోది. అక్కడ సెంటుబుడ్డి, ఇక్కడ టీ కెటిలు. రెండూ ఇంట్లో పుట్టిన సంగతులే. కాకపోతే సెంటుబుడ్డి మందుని కొలిచారు. పీల్చక ముందు ఊపిరెంత, పీల్చాక ఎంత, ఉత్త గాలి పీల్చిన వాడికెంత అని. కెటిలు దగ్గర ఎవరూ ఆ పని చెయ్యలేదు.

మా చిన్న మనవరాలు విశాఖలో ఊపిరితిత్తుల డాక్టరు కదా. ఆమెతో ఈ కథంతా చెప్తే ఒక్కటే అడిగింది: "తాతయ్యా, ఆ కెటిల్లో బొద్దింకే ఉందా? టీ లేదా?" నేను నోరు తెరిచాను. ఘాటుగా మరిగిన టీ, కాఫీ ఊపిరిగొట్టాల్ని కొంచెం విప్పుతాయట. ఇంగ్లాండులో సాల్టర్ అనే డాక్టరు 1860లోనే ఉబ్బసానికి చిక్కటి కాఫీ తాగమని పుస్తకం రాశాడట. టీ ఆకులోంచే 1888లో థియోఫిలిన్ అనే సరుకు తీశారు, మా కాలంలో దాన్నే బిళ్ళలుగా ఇచ్చేవారు. రోజూ టీ తాగేవాడు కదా, ఆ పూటే ఎందుకు తగ్గాలి అని నేను వాదించాను. ఆ పూట ఎంతసేపు మరిగించాడో నువ్వు చూశావా, ఆయాసం ఒక్కోపూట దానంతటదే తగ్గదా అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకో తమాషా చూడండి. మా డాక్టరుబాబు అయ్యకి కాఫీ మానిపించి బొద్దింక ఇచ్చాడు!

అంతటితో ఊరుకుందా ఆ పిల్ల! బొద్దింకే కొందరి ఉబ్బసానికి ఒక కారణం అంది. దాని రెట్ట, ఊడిన పొట్టు ఎండి గాల్లో కలిస్తే కొందరికి ఒంటికి పడదట. 1997లో అమెరికా పట్నాల్లో పేదపేటల పిల్లల్ని, 476 మందిని చూశారు. బొద్దింక పడని పిల్లలు, బొద్దింకలున్న గదుల్లో పడుకుంటే, మిగతావాళ్ళకి మూడింతలు ఎక్కువగా ఆస్పత్రి పాలయ్యారని తేలింది. 30 నంబరు గుళికలో బొద్దింక రవ్వ కూడా ఉండదు గనక భయం లేదు, గుణమూ లేదు. మూడు ఎక్సులో మాత్రం నిజంగానే ఉంటుంది, పడనివాడికి అది మంచిది కాదు అంది. హోమియోతో ఉబ్బసం తగ్గుతుందా అని చేసిన పరీక్షలు 6 తీసుకుని, 556 మంది లెక్క కలిపి 2004లో చూస్తే, తగ్గుతుందని చెప్పడానికి ఆధారం చాలలేదట. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం వాళ్ళు అన్ని జబ్బులకీ చూసి, నమ్మదగ్గ రుజువు ఏ జబ్బుకీ లేదన్నారు. మన హైదరాబాదులో మృగశిర కార్తెకి బత్తిని వాళ్ళిచ్చే చేప ప్రసాదం సంగతి కూడా అడిగాను. ఒక్క చూపు చూసింది, మరి మాట్లాడలేదు.

నాకు డాక్టరుబాబు మీద కోపం లేదు. ఆ లైన్ల మొత్తంలో "నీ ఊపిరి చెడగొడుతున్నది ఆ దుమ్ము" అని మాయయ్యతో చెప్పిన మనిషి ఆయనొక్కడే. ఎంత లెక్కవేసినా మాయయ్యని బతికించింది ఆ మాటే. అమ్మ ముక్కుపుడక కూడా. అది మళ్ళీ విడిపించలేదు, వడ్డీలోనే పోయింది. సంచుల గదికి పోవడమూ, బొద్దింక మింగడమూ ఒకేసారి మొదలయ్యాయి. చెప్పుకోవడానికి బొద్దింక బాగుంది. సంచుల గది గురించి ఏటి చెప్పుకుంటారు?

ఏటీ? ఇప్పుడూ దొరుకుతుందా అంటావా? ఎందుకు దొరకదు, విజయనగరంలో ఏ హోమియో షాపులో అడిగినా ఇస్తారు. నువ్వు మాత్రం అడక్కు. ఒరే, నువ్వు ఇటు రా, నా పక్కకి. పొగ అటే కొడుతోంది, ఇందాకటి నించి చూస్తున్నాను గీరగీర దగ్గుతున్నావు. పంపు జేబులో ఉందా? చూపించు. ఊపి, గొట్టానికి తగిలించి, ఊపిరంతా వదిలి అప్పుడు నొక్కు. పీల్చి పది అంకెలు లెక్కపెట్టి వదులు. ఆ రోజూ పీల్చే రెండో పంపు ఉంది చూడు, దాని తరవాత నోరు పుక్కిలించి ఉమ్ముతున్నావా లేదా? లేకపోతే నాలికంతా పాచి కడుతుంది. అది అయిపోవచ్చిందేమో మీ అమ్మని అడుగు. రేపు పొద్దుటి బస్సుకి నేను నెల్లిమర్ల పోతున్నాను, డబ్బా ఇచ్చి పంపమను.